కానుకల సంచి చేతిలో ఉన్నోళ్ళు యూదా దారిలో పడకుండా ఏం చేయాలి

శ్రమకాలం, అంటే ఈస్టర్ ముందు నలభై రోజులు, వచ్చిందంటే ప్రతి చర్చిలో ప్రభువు శిష్యుల్లో ఒకడైన యూదా మీద ఒక ప్రసంగం ఖాయంగా ఉంటది. గుడ్ ఫ్రైడే ముందు గురువారం రాత్రి బల్ల ఆరాధనలో (ప్రభు రాత్రి భోజనం) వాడి పేరు వస్తది, మనం లోపల ఛీ అనుకుంటాం, 30 వెండి నాణేలకి ప్రభువుని అమ్ముకున్నాడు దుర్మార్గుడు అనుకుంటాం, ఇంటికొచ్చి పడుకుంటాం. నేను కూడా చాలా ఏళ్ళు అంతే. తర్వాత ఒక శ్రమకాలంలో ఆ ప్రసంగం వింటుంటే నాకు చెమటలు పట్టినయ్, ఎందుకంటే అప్పటికి మా సంఘం యూత్ డబ్బులు 23,400 రూపాయలు నా దగ్గర లెక్కలో ఉన్నయ్ గాని చేతిలో లేవు.

అందుకే ఇది రాస్తున్నా. సికింద్రాబాద్ వైపు చర్చిల్లో పెరిగినవాడిని, నాకు తెలిసిన మాటల్లోనే చెప్తా. ఎవరికోసమంటే, సంఘంలో ట్రెజరర్‌గా ఉన్నోళ్ళకి, యూత్ సెక్రటరీలకి, స్త్రీల సహవాసం కానుకలు చూసే అక్కలకి, కోత పండుగ వేలంపాట పైసలు వసూలు చేసే అన్నలకి, కాటేజ్ ప్రేయర్‌కి (ఇళ్ళల్లో పెట్టుకునే ప్రార్థన) చందాలు పోగుచేసేవాళ్ళకి, అంటే ఎవరి చేతిలో ప్రభువు పేరు మీద వచ్చిన పైసలు ఒక్క రాత్రైనా ఉంటాయో వాళ్ళందరికీ.

ముందు యూదా కథ చివరి నుంచి కాదు, మొదటి నుంచి చదవండి

మనం చదివేది ఎప్పుడూ ఆ ఆఖరి వారమే, తోటలో ముద్దు, దివిటీలు, సైనికులు. యోహాను 12:6 దగ్గర ఆగండి ఒకసారి. అక్కడ యోహాను చెప్పేదేంటంటే, డబ్బు సంచి యూదా దగ్గర ఉండేది, అందులో వేసినదాన్ని వాడు దొంగిలిస్తూ వచ్చాడు అని. "దొంగిలించుచు వచ్చెను" అనే మాట చూడండి, ఒక్కసారి చేసిన పని కాదది, అలవాటు. ఎన్ని నెలలో మనకి రాయలేదు గాని 30 నాణేల బేరం కంటే ముందు చాలా చిన్న చిన్న నాణేలు ఆ సంచిలోంచి పోయినయ్ అన్నది మాత్రం తేలిపోతుంది.

ఆ సంచిలో పైసలు ఎవరివి అనేది కూడా చూడాలి, మనం దీన్ని అసలు పట్టించుకోం. లూకా 8వ అధ్యాయం మొదట్లో ఉంటది, మగ్దలేనే మరియ, హేరోదు దగ్గర అధికారిగా ఉన్న కూజా భార్య యోహన్న, సూసన్న, ఇంకా చాలామంది ఆడవాళ్ళు తమ ఆస్తిలోంచి ప్రభువుకీ శిష్యులకీ ఉపచారం చేసేవాళ్ళని. రోగాలు బాగుపడి, దయ్యాలు వదిలి, కృతజ్ఞతతో ఆ తల్లులు ఇచ్చింది ఆ పైసలకి ఆధారం. మన దగ్గర కూడా సేమ్ అంతే కదా, ఆదివారం కానుక సంచిలో పడే పది రూపాయల నోటు వెనకాల ఒక ఇంట్లో పాచిపని చేసే అమ్మ ఉంటది. నేను తీసినవి కూడా అట్లాంటి పైసలే, అది నాకు తర్వాత తెలిసొచ్చింది.

ఇంకోటి, శిష్యుల్లో మత్తయి సుంకరి, అంటే పన్నులు వసూలు చేసినవాడు, లెక్కలు పద్దులు బాగా తెలిసినవాడు. అయినా సంచి యూదాకే ఇచ్చారు. అంటే యూదా మీద అందరికీ నమ్మకం ఉన్నట్టే గదా. ఆఖరి రాత్రి ప్రభువు వాడితో "నీవు చేయుచున్నది త్వరగా చేయుము" అన్నప్పుడు కూడా మిగతావాళ్ళు ఏమనుకున్నారంటే పండక్కి కావల్సినవి కొనమన్నాడేమో, బీదలకి ఏమన్నా ఇమ్మన్నాడేమో అని (యోహాను 13:29). బల్ల దగ్గర పక్కపక్కన కూర్చున్న పదకొండుమందిలో ఒక్కడికి కూడా డౌట్ రాలేదు. కాబట్టి మీ మీద ఎవరికీ అనుమానం లేదు అనేది మీరు బాగున్నారనడానికి గుర్తు కాదు, దయచేసి దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

మొదటి గుర్తు: "అప్పుగా తీసుకుంటున్నా, నెలాఖరుకి పెట్టేస్తా"

నాది ఇట్లానే మొదలైంది. పాప స్కూల్ ఫీజు, జీతం రావడానికి నాలుగు రోజులుంది, అల్మారాలో అనంతగిరి రిట్రీట్‌కి పిల్లలు కట్టిన పైసలు కవర్లో ఉన్నయ్. 1,500 తీసిన. జీతం రాగానే పెట్టేసిన కూడా. ఎవరికీ నష్టం లేదు, ఎవరికీ తెలీదు, నాకే మంచిగ అనిపించింది, చూశావా నేను నిజాయితీగా తిరిగి పెట్టేశా అని. ఇక్కడే తప్పు జరిగింది. తిరిగి పెట్టడం కాదు తప్పు, అడక్కుండా తీయొచ్చు అని నా చెయ్యి నేర్చుకోవడం తప్పు. రెండోసారి తీసినప్పుడు గుండె దడ సగమైంది, మూడోసారికి అసలు లేదు.

అవసరం వేరు ఆశ వేరు అని మనకి నోటితో తెలుసు, కాని లోపల ఆ గీత ఎక్కడ దాటామో దాటేటప్పుడు తెలీదు. మొదటి 1,500 ఫీజు కోసం, నిజమైన అవసరం, సంఘంలో ఎవర్ని అడిగినా ఇచ్చేవాళ్ళు. ఐదోసారి తీసింది మాత్రం ఘట్‌కేసర్ వైపు ప్లాట్ ఇన్‌స్టాల్‌మెంట్ కోసం. ఆఫీసులో నాతో పాటు జాయిన్ అయినవాళ్ళు అందరూ ప్లాట్లు కొన్నారు, లంచ్ టైంలో రోజూ అదే ముచ్చట, గజం అప్పుడు అంత ఇప్పుడు ఇంత, నువ్వు ఇంకా కిరాయి ఇంట్లోనేనా అని. ఈ సిటీలో ఉన్నోళ్ళకి నేను చెప్పక్కర్లేదు, మన కళ్ళ ముందే భూమి బంగారమైపోయింది, కొనని ప్రతివాడికీ తను మోసపోయినట్టు అనిపిస్తది. అట్లాంటి గాలి పీలుస్తూ ఆదివారం పొద్దున కానుకలు లెక్కపెట్టడం చిన్న పరీక్ష కాదు. లూకా 12:15లో ప్రభువు ఏ విధమైన లోభానికీ ఎడమియ్యక జాగ్రత్తపడండి అన్నది ఎవరితోనో తెలుసా, అన్నతో ఆస్తి పంచిపెట్టించు అని అడిగిన మనిషి దగ్గర నిలబడి, ఆస్తి తగాదా మధ్యలో అన్నమాట అది.

అందుకని చేయాల్సింది ఇది. మీ చేతిలో ప్రభువు పైసలు ఉన్నప్పుడు ఒక్క రూపాయి కూడా, ఆటోకి చిల్లర లేదన్నా సరే, అందులోంచి తీయకండి. తీశారా, ఆ రోజే ఇంకొక మనిషికి చెప్పండి, "అక్కా ఇట్ల 40 రూపాయలు ఆటోకి వాడిన, రేపు పెడ్తా" అని. చెప్పడానికి సిగ్గేస్తే ఆ సిగ్గే మీకు కాపలా, దాన్ని పోగొట్టుకోకండి.

రెండో గుర్తు: బీదల పేరు వాడుకోవడం మొదలైతది

ఈ భాగం నెమ్మదిగా చదవండి, నా అనుభవంలో అన్నిటికంటే డేంజర్ ఇదే.

పస్కా పండక్కి ఆరు రోజుల ముందు బేతనియలో విందు, మార్త వడ్డిస్తుంది, చచ్చి బ్రతికిన లాజరు పక్కన కూర్చుని తింటున్నాడు. మరియ జటామాంసి అత్తరు తెచ్చి ప్రభువు పాదాలకి పూసి తన వెంట్రుకలతో తుడిచింది, ఇల్లంతా వాసన. జటామాంసి అంటే హిమాలయాల్లో దొరికే మొక్క వేరు, అక్కడెక్కడో కొండల్లోంచి అంత దూరం పోయిన సరుకు, ఇంక రేటు ఎంతుంటదో చూడండి. చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టి అత్తరు షాపుల్లో ఒక్క చిన్న సీసా అడిగి చూసినోళ్ళకి మంచి అత్తరు అంటే ఏంటో ఐడియా ఉంటది. యూదా వెంటనే లెక్క కట్టేశాడు, 300 దేనారాలు, అమ్మి బీదలకి ఇవ్వొచ్చు గదా అన్నాడు. ఒక దేనారం అంటే ఒక రోజు కూలి, మత్తయి 20లో ద్రాక్షతోట పనోళ్ళకి ఇచ్చింది అదే. అంటే దాదాపు ఏడాది కూలి. మన అడ్డా మీద రోజు కూలి 800 అనుకుందాం, లెక్క కోసం, 2 లక్షల 40 వేలు.

ఇప్పుడు ఆ 30 వెండి నాణేలు చూడండి. అవి తూరు షెకెళ్ళు అయ్యుంటాయని చాలామంది పండితులు అంటారు, ఒక్కోటి నాలుగు దేనారాలు. మొత్తం 120 రోజుల కూలి, మన లెక్కలో 96 వేలు. అత్తరుకి 2 లక్షల 40 వేలు కట్టినవాడు ప్రభువుకి 96 వేలకి ఒప్పుకున్నాడు! మత్తయి, మార్కు ఇద్దరూ ఆ అత్తరు సంగతి రాసిన వెంటనే యూదా ప్రధాన యాజకుల దగ్గరికి పోయిన సంగతి రాశారు, పక్కపక్కనే. నిర్గమకాండం 21:32లో ఎద్దు ఒక దాసుణ్ణి పొడిస్తే యజమానికి ఇవ్వాల్సిన నష్టపరిహారం 30 తులాల వెండి, ఆ అంకెనే ఇక్కడ పడింది. మొదటిసారి ఈ లెక్క వేసుకున్నప్పుడు నేను బైబిల్ మూసేసి కొంచెంసేపు కూర్చున్నా.

యూదా అన్న మాట తప్పు మాట కాదు, అదే అసలు సంగతి. బీదలకి ఇవ్వాలి అన్నది మంచి మాట, ప్రభువే ఎన్నోసార్లు చెప్పిన మాట, ఆ రాత్రి అక్కడున్న వేరే శిష్యులు కూడా ఔను కదా అన్నారని మత్తయిలో ఉంది. దొంగతనం లోపల పెరిగేకొద్దీ నోట్లో మాటలు ఇంకా పవిత్రంగా అవుతాయి. పాత నిబంధనలో ఎలీషా ప్రవక్త పనివాడు గేహజీ కూడా ఇదే పని చేశాడు, 2 రాజులు 5. సిరియా సేనాధిపతి నయమాను కుష్ఠు బాగైతే, ఎలీషా అతని దగ్గర ఏమీ తీసుకోకుండా పంపించేస్తే వీడు రథం వెనకాల పరుగెత్తి ఏం చెప్పాడు? ఎఫ్రాయిము మన్యంనుంచి ప్రవక్తల శిష్యులు ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు, వాళ్ళకోసం ఒక తలాంతు వెండి (ముప్ఫై కిలోల పైనే), రెండు జతల బట్టలు ఇవ్వండి అని. తనకోసం అని చెప్పలేదు, లేని బీద కుర్రాళ్ళ పేరు చెప్పాడు. తిరిగొచ్చాక గురువు ఎక్కడికి పోయావ్ అంటే ఎక్కడికీ పోలేదు అన్నాడు.

నా సంగతి చెప్తా. మా సంఘంలో ఒక పెద్దమ్మ, భర్త పోయి రెండేళ్ళు, ఒక స్కూల్లో ఆయాగా చేస్తది. భర్త జ్ఞాపకార్థం ప్రభు రాత్రి భోజనానికి కొత్త గిన్నెలు, ట్రే కొనిస్తానని 18,000 దాచి తెచ్చింది. కమిటీలో నేను లేచి, "ఎందుకండీ ఇంత ఖర్చు, పాత గిన్నెలు బాగానే ఉన్నాయ్ గదా, ఈ పైసలతో ఇద్దరు బీద పిల్లల ఫీజు కట్టొచ్చు" అన్నా. బాగా మాట్లాడిన, ఇద్దరు ముగ్గురు తలలు ఊపారు కూడా. ఆ పెద్దమ్మ మొహం చిన్నబోయింది. ఆ టైంలో బీద పిల్లల ఫీజుల కవర్లోంచే 9,000 నా ప్లాట్‌కి పోయి ఉన్నయ్. నేను అబద్ధం చెప్తున్నా అని ఆ క్షణం నాకు అనిపించలేదు, నిజంగా పిల్లల గురించే మాట్లాడుతున్నా అనుకున్నా. ఆశ మనిషిని గుడ్డివాణ్ణి చేస్తది అని అందరూ అంటారు, కాదు, ముందు మంచి ఉపన్యాసకుణ్ణి చేస్తది.

కాబట్టి ఇంకొకరి కానుక మీద, ఇంకొకరి ఖర్చు మీద మీకు ఉన్నట్టుండి కోపం వస్తుంటే, పాస్టర్‌గారి ఇంటికి ఫ్రిజ్ ఎందుకు, ఆ అక్క అంత పూలు ఎందుకు తెచ్చింది, అని లోపల గుణుక్కుంటుంటే, మాట బయటికి అనేముందు మీ దగ్గరున్న సంచి ఒకసారి లెక్కపెట్టుకోండి. లెక్క సరిగ్గా ఉంటే అప్పుడు మాట్లాడండి, అభ్యంతరం లేదు.

మూడోది చిన్నది గాని చెప్పాలి. ఆఖరి రాత్రి బల్ల దగ్గర మీలో ఒకడు నన్ను అప్పగిస్తాడు అని ప్రభువు అన్నప్పుడు మిగతావాళ్ళు "ప్రభువా, నేనా?" అన్నారు, యూదా "బోధకుడా, నేనా?" అన్నాడు, మత్తయి 26 చూడండి. వ్యక్తిగత ప్రార్థనలో మీరు ఆయన్ని ఏమని పిలుస్తున్నారో, అసలు పిలుస్తున్నారో లేదో చూసుకోండి. నేను ఆ 14 నెలల్లో పబ్లిక్‌గా ప్రార్థన బాగా చేసేవాణ్ణి, ఇంట్లో ఒక్కడినే మోకాళ్ళ మీద ఉంటే మాట వచ్చేది కాదు.

ఇంక పని సంగతి: సంచిని ఎట్లా పట్టుకోవాలి

మా దగ్గర కొందరికి ఈ లెక్కలు రసీదులు అంటే ఆత్మీయత తక్కువ అనిపిస్తది, "దేవుడు చూస్తున్నాడు కదా బ్రదర్" అంటారు. బైబిల్లోనే ఉన్న పద్ధతి చూపిస్తా. యోవాషు రాజు కాలంలో మందిరం రిపేర్లకి ఇచ్చిన పైసలు యాజకుల చేతుల్లోకి పోతున్నాయ్ గాని ఆయన ఏలుబడి 23వ ఏడు వచ్చినా రిపేర్లు కాలేదు. అప్పుడు యాజకుడు యెహోయాదా ఒక పెట్టె తెచ్చి మూతకి రంధ్రం చేసి బలిపీఠం పక్కన పెట్టాడు, అది నిండితే రాజు తరఫు అధికారి ఒకడు, ప్రధాన యాజకుడు, ఇద్దరూ కలిసి లెక్కపెట్టి సంచుల్లో కట్టేవాళ్ళు (2 రాజులు 12). యాజకుడొక్కడు కాదు, రాజు మనిషి ఒక్కడు కాదు, ఇద్దరు. పౌలు కూడా యెరూషలేం బీదలకోసం పోగుచేసిన చందా మోయడానికి తీతుతో పాటు వేరే సహోదరుణ్ణి కూడా పంపిస్తూ, ఈ పెద్ద మొత్తం విషయంలో ఎవరూ మమ్మల్ని తప్పుపట్టకూడదని, ప్రభువు ముందే కాదు మనుషుల ముందు కూడా సరిగ్గా ఉండాలని ఇట్లా చేస్తున్నాం అన్నాడు, 2 కొరింథీ 8:20, 21. అపొస్తలుడికే అవసరమైన జాగ్రత్త మనకి అక్కర్లేదా?

మేమిప్పుడు చేసేది ఇట్లా ఉంటది. ఆరాధన అయిపోగానే, బిర్యానీలు భోజనాలు అని ఎవరూ కదలకముందే, ఇద్దరు కూర్చుని లెక్కపెడతారు, ఆ ఇద్దరు ఒకే కుటుంబం కాకూడదు, భార్యాభర్తలు, బావా బావమరిది కుదరదు. 500 నోట్లు ఎన్ని, 200 ఎన్ని, 100 ఎన్ని, చిల్లర ఎంత అని స్లిప్ మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి, స్లిప్ ఫోటో తీసి కమిటీ వాట్సాప్‌లో అప్పుడే పెట్టేయాలి. కవర్లో వచ్చిన దశమభాగాలకి వరుస నంబర్లున్న రసీదు పుస్తకం. సోమవారం మొత్తం బ్యాంకులో పడాలి, మొత్తం అంటే మొత్తం, లెక్కపెట్టిన దాంట్లోంచి టెంట్ హౌస్‌వాడికి ఇచ్చేసి మిగిలింది కట్టడం వద్దు, ఎంత మంచివాడికైనా ఆ అలవాటు వద్దు. ఖర్చులు అన్నీ చెక్కు మీదనో బ్యాంకు ట్రాన్స్‌ఫర్ మీదనో, ఇద్దరి సంతకంతో.

ఫోన్‌పే, గూగుల్ పే సంగతి ప్రత్యేకంగా చెప్తున్నా. చాలా చిన్న సంఘాల్లో క్యూఆర్ కోడ్ ట్రెజరర్ సొంత అకౌంట్‌ది గోడకి అంటించేస్తారు, సంఘం పేరు మీద అకౌంట్ తీయడం లొల్లి అని. వద్దు. మీ జీతం, మీ కిరాయి, మీ చిట్టీ పైసలు, దేవుడి కానుక అన్నీ ఒకే దాంట్లో కలిసిపోతే నెలాఖరుకి మీకే తెలీదు ఏది ఎవరిదో, మీరు దొంగ కాకపోయినా దొంగలా కనపడతారు. సంఘం పేరు మీద అకౌంట్ వచ్చేదాకా క్యూఆర్ కోడే పెట్టకండి, సంచిలో వేయమనండి.

నెలకొకసారి లెక్క నోటీస్ బోర్డు మీద పెట్టాలి. రెండు మూడేళ్ళకి ట్రెజరర్ మారాలి, ఎంత నమ్మకస్తుడైనా సరే, నమ్మకస్తుడైతే మరీ. ఇంకోటి కమిటీ పెద్దలకి నా మనవి, సంచి ఎవరికి ఇచ్చారో వాళ్ళ ఇంటి పరిస్థితి ఆర్నెల్లకోసారైనా అడగండి. "ఇంట్లో అంతా బాగేనా బాబూ, ఏమన్నా అప్పులున్నయా" అని నన్ను ఒక్కరు అడిగి ఉంటే నేను ఆ రెండోసారి తీసేవాణ్ణి కాదేమో. ఇది నా తప్పు వాళ్ళ మీద వేయడానికి కాదు, రేపు ఇంకొక పిల్లగాడు నా ప్లేస్‌లో కూర్చుంటాడని చెప్తున్నా.

మన ఊళ్ళోనే గోల్కొండ క్రాస్ రోడ్స్ దగ్గర హెబ్రోను మందిరంలో ఉన్న సువార్తికుడు భక్త సింగ్‌గారు 2000 సెప్టెంబర్‌లో ప్రభువు దగ్గరికి పోయారు, నారాయణగూడలో సమాధి ఉంది. ఆయన జీవితాంతం పైసల కోసం మనుషుల్ని అడగలేదని, ఏది కావాలన్నా మోకాళ్ళ మీదనే అడిగేవారని మా నాన్న తరం వాళ్ళు చెప్పుకునేవాళ్ళు. అందరం అట్లా బ్రతకలేకపోవచ్చు, కాని సంచి ముందు కూర్చున్నప్పుడు నేను ఆయన్ని గుర్తు తెచ్చుకుంటా.

ఇప్పటికే తీసేసి ఉంటే

ఇది చదివేవాళ్ళలో ఎవరో ఒకరు అక్కడే ఉన్నారని నాకు గట్టి నమ్మకం. మీకు రెండు దారులు బైబిల్లోనే ఉన్నాయి, రెండూ కొద్ది రోజుల తేడాలోనే జరిగినయ్.

యెరూషలేముకి పోతూ ప్రభువు యెరికోలో ఆగాడు. జక్కయ్య, సుంకరులకి పెద్ద, అన్యాయంగా గుంజినవాడు, చెట్టు దిగి ఆయన్ని ఇంటికి తీసుకుపోయి అందరి ముందు లేచి నిలబడి, నా ఆస్తిలో సగం బీదలకి, ఎవరి దగ్గరన్నా అన్యాయంగా తీసుకుంటే నాలుగింతలు ఇచ్చేస్తా అన్నాడు. నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చింది అన్నాడు ప్రభువు. ఆ ప్రయాణంలో పన్నెండుమంది ఆయన వెంటే ఉన్నారు, డబ్బు సంచి భుజాన వేసుకుని యూదా కూడా. ఒక దొంగ ఎంత సంతోషంగా తిరిగి ఇచ్చేస్తున్నాడో, ప్రభువు వాణ్ణి ఎట్లా చేర్చుకున్నాడో వాడు కళ్ళారా చూసే ఉంటాడు. ఆ రోజు వాడు లేచి, "ప్రభువా నేను కూడా" అని సంచి ఆయన ముందు పెట్టి ఉంటే! నాకు సువార్తల్లో అన్నిటికంటే బాధ కలిగించే సంగతి ముద్దు కాదు, ఇదే.

యూదా పశ్చాత్తాపపడలేదు అనుకోకండి. పడ్డాడు, మత్తయి 27. పాపం చేశాను, నిరపరాధ రక్తం అప్పగించాను అని నోటితో ఒప్పుకున్నాడు, 30 నాణేలూ తిరిగి ఇచ్చాడు, ఒక్కటి కూడా దాచుకోలేదు. ఒప్పుకోవడం ఉంది, తిరిగివ్వడం ఉంది, మరి ఏం తక్కువైంది? ఎవరి దగ్గరికి పోయాడో చూడండి. తనని కొన్నవాళ్ళ దగ్గరికి, ఆ ప్రధాన యాజకుల దగ్గరికి పోయాడు. వాళ్ళేమన్నారు, "దానితో మాకేమి? నీవే చూచుకొనుము". ఆ మాట మోసుకుని ఒక్కడే బయటికి పోయాడు, ఉరేసుకున్నాడు. కొద్ది గంటల ముందే తోటలో ప్రభువు వాణ్ణి "చెలికాడా" అని పిలిచాడు. పిలిచినవాడి దగ్గరికి పోలేదు. ఆ పైసలతో కుమ్మరివాని పొలం కొన్నారు, దానికి అకెల్దమ అని పేరు పడింది, అంటే రక్తపు పొలం. నా ప్లాట్ కాగితాలు చూసినప్పుడల్లా నాకు ఆ పేరు గుర్తొచ్చేది, చివరికి అమ్మేశా.

కాబట్టి ఇట్లా చేయండి. ముందు మొత్తం ఎంతో కాగితం మీద రాయండి, ఉజ్జాయింపుగా కాదు, తారీఖులతో, గుర్తున్నంత వరకు. "ఏదో కొంచెం తప్పు చేశాను ప్రభువా" అనే ప్రార్థన నేను 14 నెలలు చేశా, దానివల్ల నా చెయ్యి ఆగలేదు, అంకె రాసిన రోజు ఆగింది. తర్వాత ఒక మనిషి దగ్గరికి పోండి, అదే రోజు. ఎవరి దగ్గరికి? మీ తప్పులో వాటా ఉన్నోడి దగ్గరికి కాదు, "అందరూ తింటున్నారు లే బ్రదర్" అనేవాడి దగ్గరికి అసలే కాదు. ప్రభువుని ప్రేమించేవాళ్ళు, మిమ్మల్ని కూడా ప్రేమించేవాళ్ళు, అబద్ధం చెప్తే పట్టుకోగలిగేవాళ్ళు. భార్యకి లేదా భర్తకి ముందు చెప్పండి, ఇది కష్టం, నాకు తెలుసు. ఆ తర్వాత సంఘానికి తెలియాలి, ఎట్లా అనేది పెద్దలు చెప్తారు, వాళ్ళు సంచి తీసుకుంటే ఇచ్చేయండి, వాదించకండి. మనసులో చావాలనే ఆలోచన వస్తుంటే మాత్రం ఒక్క నిమిషం కూడా ఒంటరిగా ఉండొద్దు, ఎవరికన్నా ఫోన్ చేయండి, మానసిక సాయానికి ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ నంబర్ 14416 ఉంది, ఎప్పుడైనా తెలుగులోనే మాట్లాడొచ్చు. పేతురు కూడా అదే రాత్రి మూడుసార్లు ఆయన్ని ఎరగను అన్నాడు, ఏడ్చాడు, కాని మిగతావాళ్ళని వదిలిపోలేదు, అందుకే తిరిగి లేచిన ప్రభువు సముద్రం ఒడ్డున కనపడిన ఆ పొద్దున బొగ్గుల మంట దగ్గర ఉన్నాడు.

ఎవరన్నా మీ దగ్గరికొచ్చి ఒప్పుకుంటే వినేవాళ్ళకి కూడా ఒక మాట. "అది నువ్వే చూసుకో" అని మాత్రం అనకండి. కేకలేయండి, కోప్పడండి, సంచి లాక్కోండి, కాని వదిలేసి పోకండి.

నేను పోయింది మెట్టుగూడలో ఉండే ఒక అంకుల్ దగ్గరికి, రైల్వేలో చేసి రిటైరైనాయన, సంఘ పెద్ద. గురువారం బల్ల ఆరాధన అయిపోయాక బయట బండి స్టాండ్ దగ్గర ఆపి, "అంకుల్, మీతో ఒక మాట" అన్నా. కాగితం చేతికిచ్చా. లైట్ కింద కళ్ళజోడు సర్దుకుని మొత్తం చదివాడు, తారీఖులన్నీ. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "తిన్నావా?" అన్నాడు. లేదంటే ఇంటికి తీసుకుపోయాడు, ఆంటీ ఉప్మా చేసింది, రాత్రి పదకొండున్నర దాకా కూర్చున్నాం. కోప్పడ్డాడు కూడా, ఆ పెద్దమ్మ సంగతి చెప్పినప్పుడు బాగా కోప్పడ్డాడు, ఆదివారం పోయి ఆమె కాళ్ళు పట్టుకోమన్నాడు, పట్టుకున్నా. ఆమె నాతో ఎక్కువ మాట్లాడలేదు, "పోనీ లే బిడ్డా" అని కొత్త గిన్నెలు తుడుచుకుంటూ ఉండిపోయింది. ప్లాట్ అమ్ముడుపోవడానికి టైం పట్టేలా ఉందని, ఆగొద్దు, జీతంలోంచే కట్టు అని, నెలకి 2,000 చొప్పున 11 నెలలు, పన్నెండో నెల 1,400 అని అదే కాగితం వెనకాల ఆయనే రాసిచ్చాడు. ప్రతి నెలా కట్టిన రోజు ఆయన ముందు టిక్ పెట్టాలి. నాలుగో నెలలో కట్టలేనంటే ఊకే ఉండకుండా ఇంటికొచ్చి మా ఆవిడ ముందే కూర్చుని ఇద్దరి ఖర్చులూ రాయించాడు. ఆఖరి టిక్ పెట్టాక ఆ కాగితం చింపేస్తాడనుకున్నా, చింపలేదు, మడిచి నా చేతికే ఇచ్చాడు. లూకా 19 దగ్గర పెట్టుకున్నా, అక్కడే ఉంది.